మొక్కల పాదులలోని గడ్డి కప్పును కోళ్ళు, పక్షులు చెదరగొట్టకుండ కాపాడుకొనుట



వేసవి ముదిరిన పిదప పెరటిలోని వంగ, టమాట, మిరప మొక్కలకు గాని, తోటలో క్రొత్తగా నాటిన మామిడి, బత్తాయి, నిమ్మ మొక్కలకు గాని మొదళ్ళ చుట్టు గడ్డి కప్పు వేయుట మీలో చాలమందికి తెలిసిన పనియే. దీనినే మల్చింగు అందురు. సాయంకాలము శ్రమపడి గడ్డి పరచి, నీరు పోసి ఇంటికి పోవుదురు. మరునాడు ప్రొద్దెక్కి వచ్చి చూచునప్పటికి గడ్డి సగము గట్టు మీదను, సగము కాలువలోను పడియుండును. పాదిలో నేల బోసిపోయి కనబడును. ఒకటి రెండు నారుమొక్కలు గడ్డి క్రింద పూడియుండును. మరియొకటి వేళ్ళు బయటపడి వాడియుండును. నడుమ ఒక పెట్ట తన పిల్లలతో నిశ్చింతగా గీకుచుండును. "ఈ గడ్డి కప్పు మన ఇంట సాగదు" అని ఆ రోజుతోనే ఆ పని విరమించినవారు పెక్కుమంది కలరు.

విరమించవలసిన పనిలేదు. కప్పును వేయు తీరు కొంచెము మార్చి, వేసిన దానిని కదలకుండ బిగించినచో ఈ బాధ చాలవరకు తగ్గును. దీనికి కొని తెచ్చుకొనవలసిన వస్తువులు తక్కువ. ఎక్కువ భాగము మన దొడ్డిలోను, చేనిగట్టు మీదను దొరకునవే.

1. దీనివలన కలుగు నష్టము

గడ్డి కప్పు మూడు పనులు చేయును. నేలపై ఎండ నేరుగా పడకుండ అడ్డుపడి తడిని నిలుపును. కలుపు మొలకలకు వెలుతురు అందనీయదు. క్రమముగా చివికి నేలకు సేంద్రియ పదార్థము చేర్చును. కప్పు చెదరిపోయిన చోట ఈ మూడును ఆగిపోవును. అంతేగాక మరి కొన్ని చిక్కులు వచ్చును.

మొదటిది, వేళ్ళు బయటపడుట. కప్పు క్రింద నేల ఎప్పుడును తేమగా ఉండుటచే మొక్క సన్నని వేళ్ళను పైపొరలోనికే పంపును. కప్పు లేచిపోయిన రోజు ఎండ ఆ వేళ్ళ పైననే పడును. కావున సగములో కప్పు పోగొట్టుకొనిన మొక్క, మొదటి నుండియు కప్పు లేని మొక్క కంటె ఎక్కువగా వాడవచ్చును.

రెండవది, గడ్డి మన్నులో కలిసిపోవుట. ఎండుగడ్డి నేల పైన ఉన్నంతవరకు మొక్కకు హాని లేదు. కోళ్ళు గీకి దానిని మట్టిలో కలిపినచో, ఆ గడ్డిని చివికించు సూక్ష్మజీవులు తమ పనికి కావలసిన నత్రజనిని మట్టి నుండి తీసికొనును. అందుచే కొన్ని వారముల పాటు మొక్కలు పసుపు వారి ఎదుగుదల మందగించును.

మూడవది, గడ్డి మొదటి కాండమునకు ఆనుకొని పోగుపడుట. అచ్చట తడి నిలిచి మొదలు కుళ్ళును, చెదలు కూడ పట్టవచ్చును. పండ్ల మొక్క మొదటి వేసవిలో చనిపోయినచో ఆ స్థానములో మరల మొక్క నాటి, ఒక సంవత్సరము వెనుకబడవలసి వచ్చును. ఆ సంవత్సరము పోసిన నీరు, పడిన శ్రమ అంతయు వృథా.

2. గీకినది ఎవరో ముందు కనిపెట్టుడు

విరుగుడు ఆలోచించుటకు ముందు నష్టము చేసినది ఏదో తెలిసికొనవలెను. ఆనవాళ్ళు ఇవి.

కోడి: ఒక కాలిపై బరువు మోపి, రెండవ కాలితో వెనుకకు రెండు మూడు మారులు గీరి, ఒక అడుగు వెనుకకు వేసి, బయటపడిన చోట చూచి పొడుచును. కావున కోడి గీకిన చోట పళ్ళెము వంటి గుంట ఏర్పడును. గడ్డి అంతయు ఒకే వైపునకు విసరబడి యుండును.

గోరింకలు, గుంపుగా తిరుగు బూడిద రంగు పిట్టలు: ఈ పిట్టలు ఆరేడు కలిసి కిచకిచలాడుచు చెట్ల క్రింద ఆకులు తిరగవేయుట మీరు చూచియుందురు. ఇవి ముక్కుతో ఒక్కొక్క ఆకును, గడ్డిపోచను ప్రక్కకు విసరును. గుంటలు పడవు. పలుచగా వేసిన కప్పు మాత్రమే చెదరును.

కాకులు: గూళ్ళు కట్టు కాలములో పొడవైన పోచలను, పీచును ఏరుకొని పోవును. కప్పు గీకినట్లు కాక లాగినట్లు కనబడును.

నెమళ్ళు: కొండల ప్రక్క గ్రామములలోను, తోటలలోను వీని రాక ఉండును. కోడి వలెనే గీకునుగాని గుంటలు పెద్దవి. పొడినేల కనబడినచో అచ్చటనే దుమ్ములో పొరలును. లేత మొలకలను కూడ తినును.

ఉదయము లేచుసరికే పాది త్రవ్వబడి, మట్టి కుప్పగా పోసియున్నచో అది పక్షి పని కాకపోవచ్చును. పందికొక్కులు రాత్రివేళ బొరియలు చేయును. ఎండకు తాళలేక ఊరకుక్కలు చల్లని కప్పు మీద పడుకొని గడ్డిని ప్రక్కకు త్రోయును. వీనికి తగిన ఉపాయములు వేరు. ఒక రోజు ఉదయమును, ఒక రోజు సాయంకాలమును కొంతసేపు దూరముగా కూర్చుండి చూచినచో అనుమానము తీరిపోవును.

3. పక్షులు ఎందుకు వచ్చును?

పక్షికి గడ్డితో పని లేదు. గడ్డి క్రింద ఉన్న ఆహారముతోనే పని. కప్పు క్రింద చల్లదనము, తడి ఉండుటచే వానపాములు, చెదలు, ఇలకోళ్ళు, పెంకుపురుగులు, వాని పిల్లపురుగులు చేరును. చుట్టుప్రక్కల నేల అంతయు ఎండి గట్టిపడిన వేసవిలో మీ పాది ఒక్కటే మెత్తగా, తడిగా ఉండును. పక్షికి అంతకంటె మంచి చోటు ఎచ్చట దొరకును?

ఇంకొక కారణము కూడ కలదు. సరిగా నూర్చని వరిగడ్డిలో గింజలు మిగిలియుండును. ఆ గింజ రుచి తెలిసిన కోడి మరల మరల వచ్చుచునే యుండును. అనగా కొన్ని మారులు మనమే పక్షులను పిలిచినట్లగుచున్నది.

ఈ రెండు సంగతులు తెలిసినచో ఒక విషయము స్పష్టమగును. పక్షిని బెదరించుట వలన కలుగు ఫలము కొద్ది రోజులదే. గీకినను గడ్డి కదలకుండ చేయుటయే నిలుకడయైన ఉపాయము.

4. కప్పు వేయు పద్ధతి

గడ్డిని దులుపవలెను: వరిగడ్డిని వాడునప్పుడు కట్టలు విప్పి బాగుగా విదిలించి, మిగిలిన గింజలను కళ్ళములోనే రాల్చివేయవలెను. ఆ గింజలు కోళ్ళకు దొడ్డిలోనే వేయవచ్చును.

సరియైన వస్తువును ఎన్నుకొనవలెను: వరి ఊక, వేరుశనగ పొట్టు తేలికైనవి. గాలికే ఎగురును, కోడి కాలికి నిలువవు. వీనిని విడిగా వాడక, క్రింద పలుచగా పరచి పైన పొడుగు గడ్డి వేయవలెను. పొడవైన వరిగడ్డి, చెరకు ఆకు ఒకదానితో ఒకటి అల్లుకొనుటచే కొంత మేలు. కొబ్బరి తోటలు గలవారు డొక్కలను పీచు వైపు క్రిందికి ఉండునట్లు పాదిలో పేర్చినచో వానిని కోడి కదల్చలేదు.

మందము: బెత్తెడు మందము పరచవలెను. తడిసి అణగిన పిదప రెండు అంగుళములైనను నిలువవలెను. మరీ పలుచనైనచో పిట్టలు కూడ తిరగవేయును. మరీ మందమైనచో నీరు నేలకు దిగదు, పురుగు ఎక్కువగా చేరును.

మొదటికి ఎడము: కూరగాయ మొక్క మొదటి చుట్టు నాలుగు వ్రేళ్ళ వెడల్పు, పండ్ల మొక్క చుట్టు జానెడు వెడల్పు నేల ఖాళీగా విడువవలెను.

వేళ: కప్పును సాయంకాలము చీకటి పడుటకు కొంచెము ముందు వేసి, వెంటనే పూలక్యానుతో గాని, చేతితో గాని నీరు చల్లవలెను. పక్షులు అప్పటికి గూళ్ళు చేరును. రాత్రి అంతయు గడ్డి తడిసి అణగుటకు వ్యవధి దొరకును. ఉదయము వేసిన పొడిగడ్డి మధ్యాహ్నమునకు చెదరుట సహజము.

గట్టు: పాది లోపలి కప్పు గట్టు కంటె రెండు అంగుళములు పల్లముగా ఉండునట్లు చూడవలెను. గట్టు లోపలి అంచున పగిలిన పెంకులు, ఇటుక ముక్కలు, రాళ్ళు నిలువుగా పాతినచో గీకిన గడ్డి బయటపడక పాదిలోనే నిలుచును. బోదెల మీద నాటిన మొక్కలకు ఈ సదుపాయము ఉండదు. కనుక అచ్చట ఈ క్రింది పద్ధతులలో ఒకదానిని తప్పక అనుసరింపవలెను.

5. కప్పు కదలకుండ బిగించుట

కోడి గీకుటకు రెండు కావలెను. కాలు చాచుటకు చోటు ఉండవలెను, కాలికి తగిలినది వెనుకకు కదలవలెను. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకున్నను అది కొంతసేపు ప్రయత్నించి మరియొక చోటికి పోవును. కావున మనము వేయునది బరువైనదై యుండనక్కరలేదు, కదలనిదై యుండవలెను.

అడ్డు పుల్లలు: మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవు గల మడికి పదునారు కంది కట్టెలు చాలును. జానెడుకు ఒకటి చొప్పున గడ్డి మీద అడ్డముగా పరచి, రెండు చివరల కొంకి పుల్లలు దిగగొట్టవలెను. పుల్లలు ఊరక పరచిన చాలదు. చివరలు బిగియకున్నచో పెట్ట వానిని కూడ త్రోసివేయును. పత్తి కట్టె కూడ పనికివచ్చునుగాని, అందులో గులాబి రంగు కాయతొలుచు పురుగు దాగియుండవచ్చును. పత్తి పండించు ఊళ్ళలో దానిని తోటకు తేకుండుట మంచిది.

నిలువు పుల్లలు: నారు నాటిన క్రొత్తలో మొక్కల నడుమ జానెడు ఎడముతో మూరెడు పొడవు గల పుల్లలు నిలువుగా గ్రుచ్చవలెను. కోడికి కాలు చాచుటకు చోటు దొరకదు. మొక్కలు గుబురై నేల కప్పిన పిదప ఈ పుల్లలు తీసివేయవచ్చును.

గడ్డి త్రాళ్ళు: చెరకు ఆకుతో గాని, వరిగడ్డితో గాని లావుగా త్రాడు పేని, కప్పు మీద వంకర టింకరగా పరచి, మూరెడుకు ఒక కొంకి పుల్ల చొప్పున దిగగొట్టవలెను. కప్పుతో పాటు త్రాడును చివికి నేలలో కలియును. ఖర్చు లేదు.

అంచులు పూడ్చుట: పొడవైన గడ్డిని బోదెకు అడ్డముగా పరచి, రెండు వైపుల కొనలపై పారతో ఒక దోసెడు మన్ను వేసి అదిమినచో గడ్డి బోదెను పట్టుకొని ఉండును. బిందు సేద్యపు గొట్టములు ఉన్నచోట గొట్టము మీద మన్ను పడకుండ చూచుకొనవలెను.

రాళ్ళ కప్పు: ఎఱ్ఱనేలలలో, కొండవాలు తోటలలో పండ్ల మొక్కలకు ఇది శ్రేష్ఠము. మొదటికి జానెడు ఎడము విడిచి, గడ్డి మీద పిడికెడు నుండి తలకాయంత గల రాళ్ళను దగ్గర దగ్గరగా పేర్చవలెను. నెమలి సైతము వీనిని త్రవ్వజాలదు.

వల: పాత చేపల వల గాని, నైలాను వల గాని కప్పు మీద పరచు అలవాటు కొందరికి కలదు. ఇది పనిచేయునుగాని జాగ్రత్త అవసరము. వల వదులుగా ఉన్నచో కోడిపిల్లలు, ఉడుతలు, తొండలు, పాములు చిక్కుకొని చచ్చును. చిటికెన వ్రేలు దూరనంత సన్నని కన్నులు గల వలను ఎన్నుకొని, నేలకు అంటునట్లు బిగువుగా లాగి, అన్ని వైపుల మేకులు కొట్టవలెను. ప్రతిదినము ఒకమారు చూడవలెను. అంతకంటె కోళ్ళ దొడ్లకు వాడు ఇనుప జాలి ముక్క మేలు. అది నలుగదు, పెక్కేండ్లు వచ్చును.

6. ఇంటి కోళ్ళ సంగతి

గీకుట కోడి స్వభావము. దానిని మాన్పింపలేము. గీకుకొనుటకు వేరొక చోటు చూపవలెను. దొడ్డిలో ఒక మూల పాత గడ్డి, ఎండుటాకులు, పేడ కలిపిన చిన్న కుప్ప వేసి, రోజును కొంచెము నీరు చల్లి, పిడికెడు నూకలు వెదజల్లుడు. ప్రక్కనే నీడలో పొడి మట్టి, బూడిద గల గుంట ఒకటి ఉంచినచో అందులో పొరలాడి పేలు దులుపుకొనును. కోళ్ళు ఉదయమున నేరుగా అచ్చటికే పోవుటకు అలవాటుపడును. ఆ కుప్ప కొన్నాళ్ళకు మంచి ఎరువుగా కూడ మారును.

క్రొత్తగా నాటిన రెండు మూడు వారములు మాత్రము కోళ్ళను మధ్యాహ్నము వరకు గూటిలోనో, గంప క్రిందనో, నీరు, మేత, నీడ, గాలి తగినంత ఉండునట్లు ఉంచుట మంచిది. పెరటి చుట్టు తడక కట్టినచో అడుగున జానెడు ఎత్తు వరకు దట్టముగా అల్లవలెను, లేనిచో పిల్లలు దూరును. తడక దాటి ఎగురు కోడికి ఒక రెక్కలోని పెద్ద ఈకలను మాత్రము కొనలు కత్తిరించవచ్చును. పూర్తిగా ఎదిగిన ఈకలనే కత్తిరించవలెను. మొదలులో రక్తము గల లేత ఈకలను ముట్టరాదు. ఈకలు రాల్చి క్రొత్తవి తొడిగినప్పుడు రెక్క మరల మామూలగును.

కోడి మన శత్రువు కాదు. పంట తీసిన పిదప, మరల కప్పు వేయుటకు ముందు ఖాళీ మడిలోనికి కోళ్ళను వదలినచో నేలలోని పురుగులను, కలుపు విత్తనములను ఏరి తినును. అదే కాలు, అదే గీకుడు అప్పుడు మనకు ఉపకారము చేయును.

పొరుగువారి కోడి వచ్చినప్పుడు రాయి విసరుట, తిట్లకు లంకించుకొనుట మన పల్లెలలో తరచు జరుగుచుండును. ఒక గుప్పెడు గడ్డి కొరకు రెండు ఇండ్ల మధ్య మాటలు లేకుండ పోయిన సందర్భములు మీరును చూచియుందురు. నాలుగు పుల్లలు అడ్డముగా బిగించుట ఆ తగవు కంటె చౌక. కప్పు బిగించిన మడిని పొరుగువారికి చూపి, నాటు వేసిన రెండు వారములు కోళ్ళను కట్టడి చేయుమని కోరినచో కాదనువారు అరుదు.

7. అడవి పక్షులు

గోరింకలు, బూడిద పిట్టలు, జెముడుకాకులు ఏరి తిను వానిలో పంటకు కీడు చేయు పురుగులు కూడ ఉండును. కావున వీనిని తరిమివేయుట కంటె కప్పు బిగించుకొని వాని పని వానిని చేయనిచ్చుటయే లాభము.

దిష్టిబొమ్మలు, మెరయు రిబ్బన్లు, డబ్బాల చప్పుడు మొదటి వారము పది రోజులు పనిచేయును. ఆ పైన పక్షులు వానికి అలవాటుపడును. నారు నిలదొక్కుకొను ఆ కొద్ది దినముల కొరకే వానిని వాడుచు, రెండు రోజులకొకమారు చోటు మార్చవలెను.

నెమలి 1963 నుండి మన జాతీయ పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద దానికి కట్టుదిట్టమైన రక్షణ కలదు. దానిని పట్టుట, చంపుట, గ్రుడ్లు తీయుట శిక్షింపదగిన నేరములు. రాళ్ళ కప్పు, ఇనుప జాలి, ముళ్ళకంప కంచె మాత్రమే అచ్చట శరణ్యము. కంచెకు సర్కారు తుమ్మ కంప వాడవచ్చునుగాని, ఆ కంపను పాదిలో పరచరాదు. ముళ్ళు విరిగి మట్టిలో కలిసి, కలుపు తీయువారి కాళ్ళలోను చేతులలోను దిగును.

8. ఎన్నడును చేయరాని పని

కప్పులో పురుగుమందు గుళికలు గాని, విషము కలిపిన గింజలు గాని చల్లరాదు. గుళిక పక్షి కంటికి గింజ వలెనే కనబడును. మీ కోడియు, పొరుగు కోడియు, గోరింకయు ఒక్క తీరుననే చచ్చును. ఆ మడిలో ఆడుకొను పసిబిడ్డకును అపాయమే. మందు తిని బ్రతికిన కోడి మాంసము, గ్రుడ్లు కూడ తినదగినవి కావు. గడ్డి చెదరుట ఒక పూటలో సర్దుకొనదగిన నష్టము. ఇది అట్టిది కాదు.

9. రైతుల సందేహములు

ప్రశ్న: విత్తనము చల్లిన మడికి గడ్డి కప్పవచ్చునా?
జవాబు: పలుచగా కప్పవచ్చును. మొలక కనబడగనే సాయంకాలము తీసివేయవలెను. అంతవరకు పైన ఇనుప జాలి గాని, ముళ్ళు లేని కొమ్మలు గాని ఉంచుడు. మొక్కలు జానెడు ఎదిగిన పిదప అసలు కప్పు వేయుడు.

ప్రశ్న: ప్లాస్టిక్ షీటు వేసినచో ఈ బాధ ఉండదు గదా?
జవాబు: ఉండదు. అంచులు మన్నులో పూడ్చిన షీటును కోడి గీకలేదు. తడియు నిలుచును, కలుపును అణగును. కాని అది చివికి నేలకు బలమీయదు, కొనవలసినది. పంట కాలము ముగిసిన పిదప ముక్కలు మిగులకుండ ఏరివేయవలెను, తగులబెట్టరాదు. అమ్మకపు కూరగాయలకు షీటు, పెరటికి, పండ్ల మొక్కలకు గడ్డి కప్పు అనుకూలము.

ప్రశ్న: చెదలు పట్టిన కప్పును పక్షులు గీకుచున్నవి. ఏమి చేయవలెను?
జవాబు: చెదపట్టిన గడ్డిని తీసి కోళ్ళ కుప్పలో వేయుడు. కోళ్ళు చెదలను ఇష్టముగా తినును. మొదటి చుట్టు ఎడము పెంచి, క్రొత్త గడ్డిని కొంచెము పలుచగా పరచి పుల్లలు బిగించుడు.

10. స్వయముగా చేసి చూడుడు

ఒకే రకపు మొక్కలు గల రెండు పాదులను ఎన్నుకొనుడు. రెండింటికిని సమానముగా గడ్డి వేసి, సమానముగా నీరు పోయుడు. ఒక పాదిలో పుల్లలు బిగించి, రెండవ దానిని అట్లే విడువుడు. పది రోజుల పిదప రెండింటిలోను వ్రేలు లోతున మన్ను తీసి పిడికిట నొక్కి చూడుడు. ముద్దగా నిలిచినచో తడి ఉన్నట్లు, రాలిపోయినచో ఆరినట్లు. ఏ పాదికి ఎన్ని బిందెల నీరు మిగిలినదో మీకే తెలియును. నీరు మోయువారు తరచు ఇంటి ఆడవారే గనుక, ఈ లెక్క వారి చేతనే చేయించుట యుక్తము.

గుర్తుంచుకొనవలసిన అంశములు

గింజలు దులిపిన గడ్డినే వాడుడు.
సాయంకాలము బెత్తెడు మందము పరచి, వెంటనే తడుపుడు.
మొదటికి ఎడము విడువుడు.
పుల్లలు, త్రాళ్ళు, రాళ్ళు, జాలి వీనిలో ఒకదానితో కప్పును బిగించుడు.
కోళ్ళకు వేరొక గీకుడు చోటు చూపుడు.
విషము వాడకుడు.
వారమునకొకమారు చూచి, చెదరిన చోట వెంటనే సర్దుడు.

ఈ పనులకు పట్టునది ఒక సాయంకాలపు శ్రమ. రానున్న వేసవిలో మీ పెరటి మడితోనే దీనిని ఆరంభింపుడు.